తాళం వేసిన ఇంటి బీపీ

పట్టుబడినప్పుడు ఒప్పుకున్నవాడు మునుగుతాడు, బుకాయించినవాడు గట్టెక్కుతాడు. గుంటూరు ప్రాంతంలో పిల్లల్ని చదివించే ప్రతి ఇంట్లోనూ ఈ నమ్మకం ఉంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేకపోయినా, పరీక్ష హాలు గుమ్మం తొక్కిన ప్రతివాడికీ ఇది వచ్చు.

మార్కు దీన్ని ఇరవై ఆరేళ్ళుగా నమ్ముతున్నాడు. ఎయిడెడ్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా అతను చూసిన చీటీల కేసుల్లో, గట్టిగా కాదన్న కుర్రాళ్ళు ఇవాళ మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఏడ్చి ఒప్పుకున్నవాళ్ళ పేర్లు అతనికి గుర్తు లేవు.

ఈ లెక్కలో ఉన్న లోపం అతని భార్య హెలెన్‌కు ఎప్పుడో కనిపించింది. పేర్లే గుర్తులేనివాళ్ళు మునిగారని ఎలా చెప్పగలం? కానీ ఆ ప్రశ్న అడగడానికి ఈ ఆదివారం ఉదయం అనువైనది కాదు. కాలేజీ నుంచి వచ్చిన నోటీసు డైనింగ్ టేబుల్ మీద, పచ్చడి గిన్నె కింద, మూడో రోజూ అలాగే ఉంది.

"నాలుగే నాలుగు మాటలు," అన్నాడు మార్కు కూతురితో. "వెళ్ళాను. ఆమె ఉంది. చూశాను. రాశాను. రేపు ఐదో మాట నీ నోట్లోంచి రాకూడదు."

షారోన్ ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేస్తోంది గానీ తినడం లేదు.

"ఆమె దర్శిలో ఉంది డాడీ."

"అని ఎవరన్నారు?"

"ఆమే అంది. మనోజ్ఞ మేడమ్‌తో."

"ఓ కూలిమనిషి ఏదో అంటే అది సాక్ష్యమా?"

"మీ అమ్మ కూడా కూలికే వెళ్ళిందండీ," అంది హెలెన్, పొయ్యి వైపు తిరిగే ఉండి.

మార్కు తల్లి ఎలీసమ్మ, వేళ్ళ సందుల్లో మిరప మంటతోనే కొడుకును చదివించిన మనిషి, గోడ మీది ఫోటోలోంచి ముగ్గురినీ చూస్తూ ఉంది.

జరిగినదానిలో సందేహానికి తావు లేదు. షారోన్ ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. కాలేజీ దత్తత తీసుకున్న ఊటపాలెంలో ప్రతి విద్యార్థికీ అయిదు కుటుంబాలు అప్పగించారు. నెలకొకసారి కాలేజీ బస్సులో వెళ్ళి, పెద్దవాళ్ళ బీపీ చూసి, లాగ్‌బుక్‌లో రాసి రావాలి. షారోన్ లాగ్‌బుక్‌లో ఫిబ్రవరి పన్నెండో తేదీన బసవమ్మ అనే ఆవిడ బీపీ 128/84 అని ఉంది. ఆ రోజు బసవమ్మ దర్శి అవతల చేలల్లో, అక్కడే మకాం ఉండి మిరపకాయలు కోస్తోంది. మార్చి మూడో తేదీ సాయంత్రం, కాలేజీలో ఈ పని చూసే డాక్టర్ మనోజ్ఞ ఎవరికీ చెప్పకుండా ఊళ్ళో గడపగడపా తిరిగింది. బసవమ్మ చేతికి పట్టీ చుట్టి చూస్తే 196/118 ఉంది. మర్నాడే కాలేజీ ఆసుపత్రికి పంపి మాత్ర మొదలుపెట్టించింది.

ఇలాంటి లాగ్‌బుక్కులు నాలుగు దొరికాయి. రేపు పదకొండు గంటలకు విచారణ.

"రామకాంత్‌ను చూడు," అన్నాడు మార్కు, కొంచెం గొంతు తగ్గించి. "వాడి పేరూ ఉందిగా నోటీసులో? ఒక్క ముక్క ఒప్పుకోడు. వాళ్ళ బాబాయి పెద్ద డాక్టరు. మనకెవరున్నారే? అందుకే, చర్చి అవగానే అయ్యగారితో ప్రార్థన చేయించి, అక్కడి నుంచే ఎమ్మెల్యే పీఏకి ఫోన్ చేస్తా. కబడ్డీలో వాణ్ణి జిల్లాకు ఆడించింది నేనే."

"ప్రార్థన ముందా, ఫోన్ ముందా?"

"వెటకారమా?"

"కాదు. వరస తెలుసుకుందామని."

మార్కు కుర్చీ వెనక్కి తోసి లేచి, ఇస్త్రీ చొక్కా కోసం లోపలికి వెళ్ళాడు. హెలెన్ చేతులు తుడుచుకుని కూతురి ఎదుట కూర్చుంది. మూడు రోజులుగా ఆమె ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది. ఆమె ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో తిరిగి రిజిస్టర్లు నింపుతున్న మనిషి.

"ఇంటికి తాళం వేసి ఉందా?"

"ఉంది."

"మరి తాళం అని రాయలేదేం?"

"లాగ్‌బుక్‌లో దానికి గడి లేదమ్మా."

"గడి లేకపోతే అంచున రాయొచ్చు."

షారోన్ తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతులో కోపం ఉంది. "నీకు తెలియదమ్మా. బస్సు పదింటికి దింపుతుంది, ఒంటిగంటకు ఎక్కించుకుంటుంది. మిరప కోతలప్పుడు ఆ వేళకు ఊళ్ళో ఎవరుంటారు? బడి అరుగు మీద కూర్చుని అందరం అదే పని చేస్తాం. పోయిన నెల అంకెకు రెండు కలుపు, లేకపోతే రెండు తీసెయ్యి. సీనియర్లు నేర్పింది అదే. ఖాళీ పెడితే హాజరు వెయ్యరు."

తాళం వేసిన ఇల్లు హెలెన్‌కు కొత్త కాదు. అలాంటి ఇంటికి ఆమె రిజిస్టరులో తారీఖుతో సహా తాళం అని పడుతుంది. సాయంత్రం కూలీల ఆటోలు దిగే వేళకు మళ్ళీ వెళ్తుంది. అది గొప్పతనమని ఆమె ఏనాడూ అనుకోలేదు. పని అంటే అదే అనుకుంది.

ఇంతలో వీధి గేటు చప్పుడైంది.

"నర్సమ్మగారిల్లు ఇదేనా?"

యాభై దాటిన ఆడమనిషి, ముక్కుపుడక, భుజం మీద గుడ్డసంచి. నల్లపాడు స్టేషన్ దగ్గర ఆటో దిగి దారి అడుగుతూ వచ్చిందట. షారోన్ ఆమెను చూడగానే లేచి నిలబడింది.

"ఏంది పాపా, అట్టా చూస్తావు? నేను బసవమ్మనే. ఇంకా బతికే ఉన్నాగా."

సంచిలోంచి ఒక పొట్లం తీసి హెలెన్ చేతిలో పెట్టింది. ఎండుమిరప కాయలు, తొడిమ తీసి, ఏరి, ఎర్రగా నిగనిగలాడుతున్నవి. "కోతకు పోయిన చేలోయి. ఘాటు చూసి వాడుకోండమ్మా, తొందరపడబాకండి."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన మార్కు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సారూ, మీరు పాప నాయనా? అయితే మీరూ వినండి. పోయిన ఏడు పత్తికి మందు కొడతా మా ఆయన చెంచురామయ్య నోట్లో నురుగొచ్చి పడిపోయాడు. అందరం మొహాన నీళ్ళు చల్లుతున్నాం. ఈ పిల్లొచ్చి చొక్కా ఇప్పించింది, సబ్బెట్టి ఒళ్ళంతా కడిగించింది, నూట ఎనిమిదికి ఫోన్ కొట్టింది. మనిషి దక్కాడు. ఈరోజు మళ్ళీ నా మీద అరుస్తున్నాడంటే ఈ పిల్ల వల్లే." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు నా బీపీ పట్టుకుని పిల్లను కాలేజీలోంచి తోసేస్తారంట గదా? నేనొచ్చి చెప్తా. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానని చెప్తా."

మార్కు ముఖం వెలిగింది. "కూర్చో అమ్మా, కూర్చో. హెలెన్, కాఫీ!"

"కానీ మీరు దర్శిలో ఉన్నానని మేడమ్‌తో చెప్పేశారుగా," అంది షారోన్, ఎట్టకేలకు.

"నడుమ ఒకరోజు రేషన్ బియ్యానికి వచ్చి పోయానంటా."

"రేషన్‌కు వేలిముద్ర వేయాలి పెద్దమ్మా. చూస్తే తెలిసిపోతుంది."

"అయితే పెళ్ళికొచ్చానంటా. పెళ్ళికి వేలిముద్ర అడగరుగా?"

మార్కు గట్టిగా నవ్వాడు. మూడు రోజుల్లో ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే. హెలెన్‌కూ నవ్వు వచ్చింది. అంతలోనే పోయింది. ఈ మనిషి తన ఆటో చార్జీ పెట్టుకుని, ఆదివారం పూట, తన కూతురి కోసం అబద్ధమాడటానికి వచ్చింది. ఇంతటి మంచితనానికి ఏమని జవాబు చెప్పాలో హెలెన్‌కు తెలియలేదు. తెలిసిన పని చేసింది. లోపలికి వెళ్ళి బీపీ మిషన్ తెచ్చింది.

"ముందు చెయ్యి ఇటివ్వు అమ్మా."

158/100. మాత్ర పనిచేస్తోంది గానీ ఇంకా దారికి రాలేదు.

"ఆసుపత్రి చీటీ ఉందా?"

బసవమ్మ సంచి అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసింది. హెలెన్ చదివింది. మళ్ళీ చదివింది. చదివి, మాట్లాడకుండా కూతురి ముందు పెట్టింది.

చీటీ మీద ఆసుపత్రి డాక్టరు చేతిరాత ఇంగ్లీషులో ఉంది. గత నెలల రీడింగులన్నీ మామూలే, ఫిబ్రవరి పన్నెండున 128/84. ఈ మధ్యే హఠాత్తుగా పెరిగింది, ఎండలో పని వల్ల కావచ్చు. రెండు వారాలయ్యాక మాత్ర ఆపి చూడాలి.

షారోన్ చూపు ఆ రెండు అంకెల దగ్గర ఆగిపోయింది. అవి ఆమె అంకెలే. లాగ్‌బుక్‌లోంచి కాలేజీ కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ఈ చీటీ మీదికి నడిచి వచ్చాయి.

"చేత్తో పట్టీ చుట్టి చూసిన అంకె ఆఖరిది ఏ నెలది?" అంది హెలెన్.

వీధిలో చర్చికి వెళ్తున్న వాళ్ళ మాటలు వినిపించి, దూరమయ్యాయి.

"షారోన్."

"నవంబరు."

మార్కు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "మూడు నెలలా?" అన్నాడు. అతని నాలుగు మాటల్లో ఇది లేదు.

"డిసెంబరులో పత్తి తీతలు. జనవరి నుంచి మిరప. ఎప్పుడు వెళ్ళినా తాళమే." షారోన్ కాగితం మడతలు సరిచేస్తూ, తనకు తానే పాఠం అప్పచెప్పుకుంటున్నట్టు అంది: "నా అంకె నిజమైతే ఈ జబ్బు మూడు వారాలది, మాత్ర ఆపి చూడొచ్చు. అబద్ధమైతే ఇది ఎన్ని నెలల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మాత్ర ఆపకూడదు." ఆగి, బసవమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీరు ఇంట్లో ఉన్నానని చెబితే, ఆ అంకె నిజమైపోతుంది."

"అయితే ఏమైంది?"

"మీ మాత్ర ఆపేస్తారు."

బసవమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "మరి నిజం చెప్తే?"

"నన్ను ఆపేస్తారు."

"ఏంది ఈ గోల! అబద్ధం ఆడటానికి కూడా ఇన్ని లెక్కలు చెయ్యాల్నా మీ చదువుకున్నోళ్ళు? మా ఊళ్ళో అయితే నోరు తెరిస్తే వచ్చేస్తది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మార్కు ఫోన్ తీశాడు. ఆ పీఏ పేరు కనబడేదాకా వేలితో జరిపాడు. కాసేపు దాన్నే చూస్తూ ఉండి, ఫోన్ బోర్లించి టేబుల్ మీద పెట్టాడు.

"రేపు నేను లోపలికి రాను," అన్నాడు భార్యతో. "నా నోరు నాకు తెలుసు."

*

సోమవారం విచారణ గదిలో పొడవాటి బల్ల వెనక నలుగురు కూర్చున్నారు. ప్రిన్సిపాల్, మరో ఇద్దరు ప్రొఫెసర్లు, చివర డాక్టర్ మనోజ్ఞ. ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు; నిద్రలేని ముఖం. తల్లిదండ్రులు గోడ పక్కన కూర్చోవచ్చు గానీ మాట్లాడకూడదన్నారు. హెలెన్ కూర్చుంది. రావద్దన్నా వచ్చిన బసవమ్మ వరండాలో ఉంది.

"ఫిబ్రవరి పన్నెండున ఈ రీడింగు మీరు తీశారా?"

"లేదు సార్."

"తేదీ పొరపాటా?"

ఆ ప్రశ్నలో ఒక తలుపు ఓరగా తెరిచి ఉంది. ప్రిన్సిపాల్ దాన్ని కావాలనే తెరిచి పెట్టాడని హెలెన్‌కు తోచింది. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"పొరపాటు కాదు సార్. ఇంటికి తాళం ఉంది. అంకె నేను కల్పించాను. డిసెంబరు, జనవరి అంకెలు కూడా కల్పించినవే. ఆమెవే కాదు, ఇంకో రెండు ఇళ్ళవి కూడా."

ఆ రెండు ఇళ్ళ సంగతి హెలెన్ కూడా అప్పుడే విన్నది.

"అవి మేం అడగలేదే," అన్నాడు ఒక ప్రొఫెసరు.

"ఆ ఇళ్ళవాళ్ళు కూడా మందులకు ఇక్కడికే వస్తారు సార్."

ప్రిన్సిపాల్ కలం కింద పెట్టాడు. "మనోజ్ఞ గారూ, మీరేమైనా చెబుతారా?"

"రెండు మాటలు సార్. మిరప కోతల్లో బస్సును పదింటికి పంపింది మనం. తాళం వేసి ఉంటే ఏం రాయాలో లాగ్‌బుక్‌లో చోటు పెట్టనిది మనం. ఖాళీ వదిలితే హాజరు కోసింది మనం. ఈ మూడూ రాతలోకి ఎక్కాలి." ఆమె షారోన్ వైపు చూసింది. "అంకె రాసింది మాత్రం ఈమె. అదీ ఎక్కాలి."

సాక్షిని పిలిచారు. బసవమ్మ చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి, బల్ల ముందు నిలబడి, అందరినీ ఒకసారి కలియజూసింది.

"ఆ రోజు మీరు ఎక్కడున్నారమ్మా?"

"దర్శి కాడ. చేలో."

"మధ్యలో ఊరికి వచ్చారా?"

"రాలా. వచ్చానని చెప్దామనే అనుకున్నా సారూ. పాప వద్దంది."

ఒక ప్రొఫెసరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి ఎందుకు వచ్చారు?"

"ఒకటి అడగాలని. ఈ గొడవతో మా ఊరికి పిల్లల్ని పంపడం మానేస్తారా? మానబాకండి. పొద్దున్నే మేముండం గానీ, దూరం కోతకు పోతే తప్ప, పొద్దుగూకితే ఉంటాం. మనోజ్ఞమ్మ వచ్చినప్పుడు ఉన్నాంగా?"

ప్రిన్సిపాల్ ఆ మాటను తన చేత్తోనే రాసుకోవడం హెలెన్ చూసింది.

*

విచారణ ముగిశాక వరండాలో మనోజ్ఞ ఒంటరిగా దొరికింది. హెలెన్ ఎదురుగా వెళ్ళి నిలబడగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మిగతా ముగ్గురి తల్లిదండ్రులు పొద్దుటి నుంచి ఆమెతో మాట్లాడిన తీరు అలాంటిది.

"షారోన్ తల్లినండి. నర్సుని."

"చెప్పండి. శిక్ష గురించయితే నా చేతుల్లో లేదండి."

"దాని గురించి కాదు." హెలెన్ రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ సమయానికి రాలేదు. "ఆ సాయంత్రం మీరు ఆ గడప ఎక్కకపోతే, ఈ ఎండల్లో ఆ మనిషి చేలోనే పడిపోయేది. నా కూతురు పరీక్ష రాసి, పాసై, డాక్టరయ్యేది. ఇద్దరికీ ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. మీరు పట్టుకున్నారు. అందుకు… మీకు నమస్కారం పెడదామని వచ్చానండి."

మనోజ్ఞ ఆ చేతుల్ని మధ్యలోనే పట్టుకుని ఆపింది. కొంతసేపు ఆ చేతులు వదల్లేదు.

"తిడతారనుకున్నాను," అంది.

"పొద్దున మా ఆయన లోపలికి వచ్చి ఉంటే ఆ ముచ్చటా తీరేదండి."

మనోజ్ఞ నవ్వింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

గేటు బయట మార్కు స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. షారోన్ తండ్రి ముఖం చూడకుండా వచ్చి పక్కన నిలబడింది. ఆమె ఏం చెప్పిందో అతను అడగలేదు. బసవమ్మ వచ్చేదాకా ఆగి, ఆటో పిలిచి, "నెమ్మదిగా తీసుకెళ్ళు, ఆమెకు బీపీ," అని డ్రైవరుకు మైదానంలో అరిచే గొంతుతో చెప్పాడు.

ఇంటికి వెళ్ళాక తండ్రీ కూతుళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు పొద్దున మార్కు కాఫీ గ్లాసు తెచ్చి ఆమె పుస్తకాల పక్కన పెట్టాడు. "ఆ రెండు ఇళ్ళవాళ్ళ బీపీ ఎవరైనా చూశారా?" అన్నాడు.

"మేడమ్ చూశారు డాడీ. ఒకరిది బాగానే ఉంది. ఒకరికి మందు మొదలుపెట్టారు."

"మంచిది," అని వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం కాలేజీ నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. షారోన్ దాన్ని ఫోనులో ఫోటో తీసి పంపింది. మార్కు స్కూలు నుంచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, హెలెన్‌కు పైకి చదివి వినిపించాడు.

నేరం అంగీకరించిన షారోన్‌కు ఊరి సందర్శనల సబ్జెక్టులో క్షేత్ర శిక్షణ రద్దయింది. జూనియర్ బ్యాచ్‌తో తిరిగి చేయాలి. యూనివర్సిటీ పరీక్షకు ఆరు నెలలు ఆలస్యంగా హాజరవ్వాలి. మందలింపు లేఖ ఆమె ఫైలులో ఉంటుంది.

ఆరోపణను ఖండించిన ముగ్గురిలో ఇద్దరిపై నేరం రుజువైంది. వారికి ఒక ఏడాది సస్పెన్షన్.

మూడోవాడు రామకాంత్. అతనికి అప్పగించిన కుటుంబాలవారు తేదీలు గుర్తులేవని చెప్పారు. ఆధారాలు చాలనందున అతనిపై చర్య లేదు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఊటపాలెం బస్సు సాయంత్రం అయిదింటికి బయలుదేరుతుంది. లాగ్‌బుక్‌లో ఇల్లు తాళం వేసి ఉంటే నమోదు చేయడానికి ఒక గడి చేర్చారు. ఆ గడి నింపినవారికి హాజరు ఉంటుంది.

బసవమ్మ రికార్డులో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి అంకెలు కొట్టివేశారు. మాత్ర కొనసాగించమని రాశారు.